గనిలో దొరికిన పురుగు గని పురుగేనా? జీనోమ్‌తో తేలేదెంత?

బల్లార్షాలో బీఎస్సీ చివరి ఏడాది చదువుతున్న ఒక అబ్బాయి అడిగిన ప్రశ్నలకు ఇది జవాబు. వాళ్ల నాన్నగారు భూగర్భ బొగ్గు గనిలో పంపు ఖలాసీ. ఆయన సంపులోంచి సీసాడు నీళ్లు తెచ్చి ఇస్తే, కాలేజీ మైక్రోస్కోపు కింద రంగు లేని సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ కనిపించాయట. దక్షిణాఫ్రికా బంగారు గనిలో 1.3 కిలోమీటర్ల లోతున దొరికిన హాలిసెఫలోబస్ మెఫిస్టో అనే నులిపురుగు గురించి, దాని జీనోమ్ (డీఎన్ఏలోని మొత్తం రాత) గురించి ఈ అబ్బాయి చదివాడు. తన సీసాలోది దాని చుట్టమేనా, జీనోమ్ చదివిస్తే అది భూగర్భంలోనే పుట్టి పెరిగిందని తేలుతుందా, ఇంతకీ ఆ జీనోమ్‌లో ఏముంది అని మూడు ప్రశ్నలు. ఇంట్లో బోరు నీళ్ల బకెట్‌లో ఎర్ర పురుగులు వస్తున్నాయి, అవీ లోపలి నుంచేనా, నానమ్మ నారికురుపు వస్తుందని భయపడుతోంది అని నాలుగోది.

బాబూ, రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. జీనోమ్ చదివిస్తే పురుగు ఎక్కడిదో తేలుతుందా? తేలదు. అది ఏ జాతిది, దాని దగ్గరి చుట్టాలెవరు, ఏ జన్యువులు దాని దగ్గర లెక్కకు మించి ఉన్నాయి అనేవి జీనోమ్ చెబుతుంది. నీ సీసాలోకి ఏ దారిన వచ్చిందో మాత్రం చెప్పదు. ఆ సంగతి చెప్పవలసింది నీళ్లు. మెఫిస్టో లోతుల్లో బతికే పురుగేనని 2011లో ప్రకటించింది నీళ్ల సాక్ష్యంతోనే. జీనోమ్ వచ్చింది 2019లో. నువ్వు చదివిన వార్తలో ఈ రెండూ కలగాపులగంగా ఉండి ఉంటాయి. విడదీసి చూస్తే నీ సీసా సంగతి కూడా తేలికవుతుంది.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నా ఉద్యోగమంతా పత్తి, మిరప, సోయా చేలలో నులిపురుగులు వెతకడంతోనే గడిచింది. చాందా (చంద్రపూర్) జిల్లాలో పిడికెడు తడి మట్టి తీసి గరాటులో వేస్తే నులిపురుగు దిగని చోటు నాకు తగల్లేదు. వేళ్లలో ఉంటాయి, పేడలో ఉంటాయి, నది ఇసుకలో, గట్టు మీది నాచులో, చెప్పుకంటిన బురదలో ఉంటాయి. అందుకే నులిపురుగు ఎక్కడ దొరికినా మాకు మొదట వచ్చే అనుమానం ఒక్కటే: ఇది ఇక్కడిదేనా, ఎవరైనా మోసుకొచ్చారా? బంగారు గనిలో దొరికినప్పుడు కూడా శాస్త్రవేత్తలు అడిగింది ఇదే.

అప్పటికి భూమి లోతుల్లో బ్యాక్టీరియా ఉంటుందని అందరూ ఒప్పుకున్నారు. దక్షిణాఫ్రికాలోనే ఎంపొనెంగ్ గనిలో 2.8 కిలోమీటర్ల లోతు నీటిలో దాదాపు ఒకే ఒక జాతి బ్యాక్టీరియా ఒంటరిగా బతుకుతోందని 2008లో దాని జీనోమ్‌తో సహా వెల్లడైంది. దాని పేరు డీసల్ఫోరూడిస్ ఆడాక్స్‌వయేటర్. ఎండతో దానికి పని లేదు. రాతిలోని యురేనియం వెదజల్లే రేడియోధార్మికతకు నీరు విడిపోయి హైడ్రోజన్ పుడుతుంది, ఆ హైడ్రోజనే దాని ఇంధనం. అయితే బ్యాక్టీరియా బతికినంత మాత్రాన జంతువు బతుకుతుందని కాదు. అర మిల్లీమీటరు పొడవే అయినా నులిపురుగుకు నోరుంది, పేగుంది, నాడులున్నాయి, గుడ్లు పెట్టే ఏర్పాటుంది. దానికి ఆక్సిజన్ కావాలి. అలాంటి ప్రాణి అంత లోతున ఉండదనే అనుకునేవారు.

బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన గేటన్ బోర్గోనీ, అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన టలిస్ ఆన్‌స్టాట్ బృందాలు ఈ పని చేపట్టాయి. గనిలో నేల మీద నిలిచిన నీటిని నమ్ముకోలేదు. రాతిలోకి వేసిన బోరు రంధ్రాల నుంచి వచ్చే పగుళ్ల నీటిని వడపోతల గుండా వేల లీటర్లు పోనిచ్చారు. అంత నీటికీ చిక్కిన పురుగులు కొద్దిపాటివే. తర్వాత వాళ్లు చేసిన పనే నాకు అన్నిటికంటే నచ్చింది. గనిలో డ్రిల్లింగు వగైరాలకు వాడే నీటిని కూడా విడిగా వడపోశారు. రంధ్రాల చుట్టుపక్కల మట్టినీ వెతికారు. వాటిలో నులిపురుగులు లేవు. అంటే పనివాళ్లతోనో, యంత్రాలతోనో వచ్చాయనడానికి ఆధారం దొరకలేదు.

ఆపైన నీటి వయసు చూశారు. నీటిలో కరిగిన కార్బన్‌లో కార్బన్-14 అనే రేడియోధార్మిక రకం ఎంత మిగిలిందో కొలిచారు. అది 5,730 ఏళ్లకు సగమవుతుంది కాబట్టి, నీరు ఎప్పుడు భూమిలోకి ఇంకిపోయిందో లెక్క కట్టవచ్చు. ఆ లెక్క ప్రకారం అది 3,000 నుంచి 12,000 ఏళ్ల కిందట నేలమీది నుంచి దిగిన నీరు. మెఫిస్టో దొరికింది బియాట్రిక్స్ గనిలో. డ్రైఫోంటీన్ గనిలో 0.9 కిలోమీటర్ల లోతున వేరే నులిపురుగులు దొరికాయి. టౌటోనా గనిలో 3.6 కిలోమీటర్ల లోతు నీటిలో పురుగు చిక్కలేదు గానీ నులిపురుగు డీఎన్ఏ ఆనవాలు దొరికింది. చూశావా, ఇందులో ఎక్కడా జీనోమ్ ప్రస్తావన లేదు. వడపోత, మట్టి పరీక్ష, నీటి వయసు, అంతే.

ఇప్పుడు మీ నాన్నగారి సంపు దగ్గరికి వద్దాం. సంపు అంటే గనిలో నలుమూలల నుంచీ వచ్చిన నీరు చేరే గుంట. పైకప్పు పగుళ్ల నుంచి రాలిన చుక్కలు అందులో ఉంటాయి. ఇంక్లైన్ (గనిలోకి దిగే వాలు దారి) మీదుగా దిగిన వాననీరు ఉంటుంది. షిఫ్టుకు వచ్చినవాళ్ల బూట్లు కడిగిన మట్టి ఉంటుంది, ఆసరాగా నిలబెట్టిన దుంగల బెరడు నానిన నీరుంటుంది. అన్నిటినీ మించినది ఇసుక. భూగర్భ బొగ్గు గనుల్లో బొగ్గు తీసేసిన ఖాళీలు కూలిపోకుండా నది ఇసుకను నీటితో కలిపి గొట్టాల గుండా లోపలికి పంపి నింపే పద్ధతి ఉంది. స్టోయింగ్ అంటారు, మీ నాన్నగారికి నేను చెప్పనక్కర్లేదు. ఇసుక లోపల నిలిచిపోతుంది, నీరు వడకట్టుకొని కాలువల వెంట సంపుకు చేరుతుంది. తడిసిన నది ఇసుక గుప్పెడు తీసి రాత్రంతా గరాటులో పెడితే తెల్లారేసరికి గొట్టం అడుగున తెల్లటి పొగలాగా నులిపురుగులు పేరుకుంటాయి. మీ గనిలో స్టోయింగ్ ఉందో లేదో ముందు కనుక్కో. ఉంటే, నీ సీసాలోవి వార్ధా నది పురుగులే కావచ్చు. వందల మీటర్ల కింద దొరికినా సరే, వాటిని దింపింది మనమే.

లోతు సంగతి కూడా చూడాలి. వార్ధా లోయలో భూగర్భ గనులు వందల మీటర్ల లెక్కలో ఉంటాయి, కిలోమీటర్లలో కాదు. బొగ్గు పొరల పైన చాలాచోట్ల కామ్టీ ఇసుకరాయి ఉంది. అది బాగా నీరు పట్టే రాయి, వానలకు తిరిగి నిండే పొర. పైకప్పు నుంచి ధారగా కారే నీరు వానాకాలంలో పెరిగి వేసవిలో తగ్గుతుంటే, దానికి నేలతో ఇంకా లంకె తెగలేదనే అర్థం. ఇది పంపు ఖలాసీకి తెలిసినంతగా ప్రొఫెసర్లకు తెలియదు. ఏ నెలలో ఏ పంపు ఎన్ని గంటలు తిప్పవలసి వస్తుందో నాన్నగారిని అడిగి రాసుకో. నీ ప్రాజెక్టుకు మొదటి పట్టిక అదే అవుతుంది.

ఇక వేడి. మెఫిస్టో దొరికిన నీటి ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. మే నెలలో 46, 47 డిగ్రీలు చూసే చాందావాళ్లం ఇది వింటే నవ్వుతాం. భూమిలోకి వెళ్లేకొద్దీ చాలాచోట్ల కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. ఆ బంగారు గనులున్న విట్‌వాటర్స్‌రాండ్ ప్రాంతపు పురాతన శిలల్లో ఆ పెరుగుదల బాగా తక్కువ. అందుకే అంత లోతున కూడా నీరు మన వేసవి గాలి కన్నా చల్లగా ఉంది. మరి అందులో గొప్పేమిటి? మన చేలో పురుగుకు ఎండ ముదిరితే తప్పించుకునే దారులున్నాయి. కిందికి దిగుతుంది, లేదంటే ఒంట్లో తేమ వదిలేసి ఎండి ముడుచుకుపోయి తొలకరి దాకా పడి ఉంటుంది. ఎంత వేసవైనా రాత్రి అంటూ ఒకటి వస్తుంది. రాతి పగుళ్లలో బతికేదానికి రాత్రీ లేదు, చలికాలమూ లేదు. ఆ 37 డిగ్రీల్లోనే తినాలి, పెరగాలి, గుడ్లు పెట్టాలి. ప్రయోగశాలల్లో పెంచే సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే మామూలు నులిపురుగును 25 డిగ్రీలు దాటించి పెంచితే సంతానమే తగ్గిపోతుంది. 35 డిగ్రీల్లో పెడితే గంటల్లో చస్తుంది. మెఫిస్టో 41 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. దానికి తోడు అలాంటి నీటిలో లీటరుకు 0.42 నుంచి 2.3 మిల్లీగ్రాముల ఆక్సిజనే ఉంది. అంతే వెచ్చటి నీరు బయట గాలికి తెరిచి ఉంటే లీటరుకు ఆరేడు మిల్లీగ్రాములు కరుగుతుంది. నీటిలో మీథేన్ కూడా దండిగా ఉంది. అక్కడి బ్యాక్టీరియానే దాని తిండి.

ఈ వేడిని అది ఎలా తట్టుకుంటోంది అనే ప్రశ్నకే జీనోమ్ పనికొచ్చింది. అమెరికన్ యూనివర్సిటీకి చెందిన జాన్ బ్రాక్ట్ బృందం, బోర్గోనీ, ఆన్‌స్టాట్‌లతో కలిసి 2019 నవంబరులో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో దాన్ని ప్రచురించింది. ఒక్క పురుగులో ఉండే డీఎన్ఏ చాలా స్వల్పం, నానోగ్రాములో ఏ పదో వంతో ఉంటుంది. అయితే ఈ జాతిలో ఆడది మగ తోడు లేకుండానే గుడ్లు పెడుతుంది. కాబట్టి ఒక్కటి దక్కినా పళ్లెంలో సంతతిని పెంచుకోవచ్చు. నీ సీసాలో పురుగులకు ఈ సౌకర్యం ఉంటుందన్న నమ్మకం లేదు. మగవీ ఆడవీ కలిసి దొరకకపోతే సంతతి అక్కడితో ఆగిపోతుంది. జీనోమ్ చదివించాలనుకునేవాళ్లు మొదట లెక్క వేసుకోవలసింది ఈ సంగతే.

మెఫిస్టో జీనోమ్ పొడవు సుమారు 6.14 కోట్ల డీఎన్ఏ అక్షరాలు. ఎలిగాన్స్‌ది దాదాపు 10 కోట్లు, మనిషిది 310 కోట్ల దాకా ఉంటుంది. ఎలిగాన్స్ జీనోమ్ 1998లో వచ్చింది, జంతువుల్లో మొట్టమొదటిది అదే. చిన్న జీనోమ్ కాబట్టి లోతుల్లో పొదుపుగా బతకడానికి కుదించుకుందని ఎవరైనా రాస్తే నమ్మకు. నేల మీద హాయిగా బతికే నులిపురుగుల్లోనూ ఇంత చిన్న జీనోమ్‌లున్నాయి. పరిమాణంలో పెద్ద కథేమీ లేదు. కథంతా రెండు జన్యు కుటుంబాల్లో ఉంది.

మొదటిది హెచ్ఎస్‌పీ 70 కుటుంబం. ఇవి ఉష్ణాఘాత ప్రొటీన్లు. ప్రొటీను పనిచేయాలంటే సరైన ఆకారంలో మడతపడి ఉండాలి. వేడెక్కితే మడత విడిపోయి, లోపల దాగి ఉండవలసిన జిగట భాగాలు బయటపడతాయి, అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. గుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడేది ఇందుకే. కణం లోపల కూడా కొద్ది మోతాదులో ఇదే జరుగుతుంది. హెచ్ఎస్‌పీ 70 ప్రొటీను ఆ బయటపడిన జిగట భాగాన్ని పట్టుకొని, కణంలో శక్తినిచ్చే ఏటీపీని ఖర్చు చేస్తూ, మళ్లీ మడతపడేదాకా అతుక్కోకుండా కాపాడుతుంది. వేడి తగిలితే కొన్ని జన్యువులు ఉన్నట్టుండి మేల్కొంటాయన్న సంగతిని 1962లో ఇటలీ శాస్త్రవేత్త ఫెరుచ్చియో రిటోసా పండ్ల ఈగల్లో గమనించి ప్రచురించాడు. ఈగలున్న ఇంక్యుబేటర్ వేడి ఎవరో పొరపాటున పెంచితే బయటపడిన విషయమది. బ్యాక్టీరియా నుంచి మనిషి దాకా అందరిలోనూ ఈ కుటుంబం ఉంది. ఎలిగాన్స్‌లో ఈ కుటుంబపు జన్యువులు డజను దరిదాపుల్లో ఉంటే, మెఫిస్టోలో వందకు పైగా ఉన్నాయి.

కాపీలు పెరిగినంత మాత్రాన అవి పనిచేస్తున్నట్టు కాదు. జీనోమ్‌లో చచ్చుబడిన కాపీలు కూడా బోలెడు ఉంటాయి. అందుకే ఆ బృందం పురుగులను మామూలు వేడిలోనూ ఎక్కువ వేడిలోనూ పెంచి, ఏ జన్యువులు ఆర్ఎన్ఏ తయారు చేస్తున్నాయో కొలిచింది. వేడిలో పెంచినప్పుడు ఈ పెరిగిన హెచ్ఎస్‌పీ 70 జన్యువుల పని ఎక్కువైంది. వాటిలో కొన్నిటి మీద ప్రకృతి వరణం పనిచేసిన గుర్తులు కూడా కనిపించాయి. జీనోమ్ అంటే అక్షరాల జాబితా అనుకునేవాళ్లు ఈ రెండో భాగాన్ని వదిలేస్తారు. నన్నడిగితే ఆ వ్యాసానికి బలం ఇక్కడే ఉంది.

రెండోది ఏఐజీ1 కుటుంబం. మొక్కల్లో, బ్యాక్టీరియా తెగులు సోకినప్పుడు చురుకయ్యే జన్యువుగా దీన్ని మొదట గుర్తించారు. జంతువుల్లో దీని బంధువులు కణాలు బతికి బట్టకట్టడానికి తోడ్పడతాయి. మెఫిస్టోలో ఇవి అరవైకి పైగా ఉన్నాయి. ఇవి ఈ పురుగుకు వేళ్ల దగ్గర బతికే ఒక శిలీంధ్రం నుంచి వచ్చి ఉండవచ్చని రచయితలు అంటున్నారు. తల్లి నుంచి బిడ్డకు కాకుండా ఒక జాతి నుంచి సంబంధం లేని మరో జాతికి జన్యువు దాటడమన్నమాట. వేళ్ల దగ్గరి శిలీంధ్రమంటే నాకు ఆసక్తి ఎక్కువ, ఎందుకంటే అది మట్టి లోకం. ఈ మాట నిజమైతే, మెఫిస్టో పూర్వీకులు ఒకప్పుడు మన చేలలాంటి నేలలో వేళ్ల చుట్టూ తిరిగినవే అనుకోవచ్చు. నీటితో పాటు పగుళ్లలోకి దిగి ఉంటాయి.

ఇక్కడ కాస్త ఆచితూచి నడవాలి. పరాయి జన్యువులు దొరికాయన్న వార్తకు జీవశాస్త్రంలో చేదు అనుభవం ఉంది. 2015లో టార్డిగ్రేడ్ అనే సూక్ష్మజీవి జీనోమ్‌లో ఆరో వంతు జన్యువులు ఇతర జాతుల నుంచి వచ్చినవేనని ఒక బృందం ప్రకటించింది. ప్రపంచమంతా పత్రికలు రాశాయి. కొద్ది రోజుల్లోనే ఎడిన్‌బరా బృందం తమ జీనోమ్‌తో పోల్చి, అందులో చాలా భాగం నమూనాలో కలిసిన బ్యాక్టీరియా వగైరాల డీఎన్ఏ అని చూపించింది. పురుగును నలిపి డీఎన్ఏ తీస్తే దాని పేగులో ఉన్న తిండి డీఎన్ఏ కూడా వస్తుంది మరి. మెఫిస్టో విషయంలో రచయితలు కూడా వచ్చిందని తేల్చి చెప్పలేదు, వచ్చి ఉండవచ్చు అనే అన్నారు. వార్తాపత్రికల్లో ఆ చివరి మాట జారిపోతుంది.

ఇంకో విశేషం. సముద్రపు ఆల్చిప్పల్లో కూడా హెచ్ఎస్‌పీ 70, ఏఐజీ1 రెండూ ఇలాగే పెరిగి ఉన్నాయి. ఆటుపోట్ల మధ్య ఎండలో పడి ఉండే ఆల్చిప్పకూ, వెలుగే ఎరుగని నులిపురుగుకూ చుట్టరికం ఏమీ లేదు, ఉన్నది ఒకే కష్టం. వేడినుంచి కదిలి తప్పించుకునే వీలు రెంటికీ లేదు. నా దృష్టిలో ఈ పోలికే ఆ వ్యాసంలో అందమైన సంగతి.

వీటికి బయట, మెఫిస్టో జన్యువుల్లో మూడో వంతుకు పైగా అప్పటిదాకా చదివిన ఏ జీవిలోనూ పోలిక దొరకనివి. వాటిని చూసి గాలిమేడలు కట్టనక్కర్లేదు. నులిపురుగుల్లో జీనోమ్ చదివిన జాతులే తక్కువ కాబట్టి కొత్త జాతిని చదివిన ప్రతిసారీ ఇలాంటివి తేలుతుంటాయి. వేడి తట్టుకునే ఈ జన్యువులను పత్తిలోనో సోయాలోనో పెడితే చాలు అనే వ్యాసాలను కూడా పక్కన పెట్టు. మొక్కలకు వాటి సొంత హెచ్ఎస్‌పీలు ఉన్నాయి. వేడికి పంట దెబ్బతినేది ఎక్కువగా పుప్పొడి దగ్గర, నీటి దగ్గర.

ఇక నీ పురుగు దాని చుట్టమేనా అన్నది. హాలిసెఫలోబస్ ప్రజాతి మొత్తం లోతుల్లో ఉండదు. మెఫిస్టోకు దగ్గరి బంధువు హాలిసెఫలోబస్ జింజివాలిస్ నేల మీద, కుళ్లే పదార్థాల్లో, పేడలో బతుకుతుంది. అరుదుగా గుర్రాలకు, మరీ అరుదుగా మనుషులకు సోకుతుంది, సోకితే మెదడు దాకా పాకి ప్రాణాంతకమవుతుంది. గుర్రం ఒంటి వేడి దాదాపు 38 డిగ్రీలు. అంటే నేల మీది బంధువు కూడా ఆ వేడిలో పెరగగలదు. దీన్నిబట్టి వేడిని ఓర్చుకునే గుణం రాతి పగుళ్లలో కొత్తగా మొదలైంది కాదనీ, ఆ గుణం అంతో ఇంతో ముందే ఉన్నది కాబట్టే ఈ ప్రజాతి అక్కడ నిలదొక్కుకుందనీ నా అనుకోలు. ఇది నా సొంత అభిప్రాయం, వ్యాసంలోది కాదు. నీకు పనికొచ్చే ముక్క వేరే ఉంది: చేతి మీద గాయముంటే ఆ నీళ్లు ముట్టుకోకు. తొడుగులు వేసుకో, వాడిన నీటిని మరిగించి పారబోయి.

పని ఎలా చేయాలో చెబుతాను. సంపు నీరు వదిలేయి. పైకప్పులో గానీ పక్క గోడలో గానీ రాతిలోకి వేసిన రంధ్రం నుంచి ఎప్పుడూ కారే ధార ఏదైనా ఉందా అని నాన్నగారిని అడుగు. ఆయన డ్యూటీ చోటు దాటి వెళ్లకూడదు. బొగ్గు తీసేసిన ఖాళీల వైపు అసలు వద్దు. గని మేనేజరు అనుమతి లేకుండా ఏదీ చేయవద్దు. ఫొటో కోసం ఫోను గానీ, ఆమోదం లేని బ్యాటరీ థర్మామీటరు గానీ లోపలికి పంపకు. మీథేన్ ఉండే చోట అవి నిషిద్ధం, ఆయన ఉద్యోగానికీ ప్రాణానికీ ముప్పు. మామూలు ఆల్కహాలు థర్మామీటరు చాలు. రంధ్రం మూతికి నైలాన్ జాలీ సంచి కట్టాలి. కన్నాలు 20 మైక్రాన్ల కన్నా పెద్దవైతే సన్నటి పురుగులు జారిపోతాయి. ధార కింద బకెట్ ఎంతసేపటికి నిండుతుందో చూస్తే ఎన్ని లీటర్లు పోయాయో లెక్క తెలుస్తుంది. సంచిని రోజుల తరబడి ఉంచాలి, సీసాడు నీటితో ఏమీ తేలదు.

అదే రోజు సంపు నీరు, స్టోయింగ్ ఇసుక, గని వాడుక నీరు, బూట్ల మట్టి కూడా విడివిడి సీసాల్లో తీసి, ఒక్కో దానిమీద తేదీ, చోటు రాయి. జాలీలో దొరికిన పురుగు ఈ సీసాల్లోనూ కనిపిస్తే అది పైనుంచి దిగిందన్నమాట. కనిపించకపోతే అప్పుడు నీటి వయసు సంగతి. దానికి మొదట ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) చూస్తారు. 1950లు, 60లలో అణు పరీక్షల వల్ల వాననీటిలో అది బాగా పెరిగింది, 12.3 ఏళ్లకు సగమవుతుంది. నీటిలో ట్రిటియం చెప్పుకోదగ్గంత ఉంటే అది ఇటీవలి వాననీరు కలిసినది, కార్బన్-14 దాకా వెళ్లనక్కర్లేదు. ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో ఐసోటోపులతో భూగర్భజలాలను పరిశీలించే విభాగం ఉంది. మీ లెక్చరర్ గారి ద్వారా, కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించు.

పురుగు గుర్తింపుకు కూడా జీనోమ్ అక్కర్లేదు. మైక్రోస్కోపు కింద నోటి గూడు, అన్నవాహిక, తోక ఆకారాలు చూసి ఏ కుటుంబమో చెప్పవచ్చు. తర్వాత 18ఎస్ ఆర్ఆర్ఎన్ఏ అనే ఒక్క జన్యువు చదివిస్తే ప్రజాతి దాదాపు తేలిపోతుంది. పూర్తి జీనోమ్‌తో పోలిస్తే ఆ ఖర్చు చాలా తక్కువ.

బియాట్రిక్స్ పురుగుకు చుట్టం కాదని తేలితే నిరుత్సాహపడకు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో వై. రంగారెడ్డి గారు కృష్ణా, గోదావరి ప్రాంతాల బోర్లలోంచీ నది ఇసుక అడుగు నీటిలోంచీ కంటికి ఆనని రొయ్య జాతి జీవులను వెలికితీసి, శాస్త్రానికి తెలియని జాతులు ఎన్నో వర్ణించారు. అందుకు కిలోమీటర్ల లోతు అవసరం పడలేదు. వార్ధా, పెన్‌గంగా, ప్రాణహిత ఇసుకల్లో అలా వెతికితే నీ వయసువాళ్లకు చేతినిండా పని దొరుకుతుంది.

బకెట్‌లో ఎర్ర పురుగుల విషయం. అవి కంటికి కనిపిస్తున్నాయంటే, సెంటీమీటరు దాకా పొడవుండి ఎర్రగా ఉన్నాయంటే, అవి నులిపురుగులు కావు. దోమను పోలిన, కుట్టని ఒక ఈగ లార్వాలు, కైరోనమిడ్‌లంటారు. వాటి రక్తంలో హీమోగ్లోబిన్ ఉంటుంది, ఆ ఎరుపు దానిదే. బోరు నుంచి రావు. మీ ఇంటి మీది ట్యాంకు మూత సరిగా లేకపోతే ఈగ వచ్చి గుడ్లు పెడుతుంది. నారికురుపు అని నానమ్మ భయపడనక్కర్లేదు. అది దిగుడు బావుల్లో సూక్ష్మజీవుల ద్వారా సోకేది, మన దేశం 2000లోనే దాన్నుంచి విముక్తమైనట్టు గుర్తింపు పొందింది. ట్యాంకు ఖాళీ చేసి, అడుగున పేరుకున్న వండు గీకి, బ్లీచింగ్ పౌడరుతో కడిగి, మూతకూ పొంగునీటి గొట్టానికీ సన్నటి జాలీ కట్టండి. మళ్లీ వస్తే జాలీ ఎక్కడో వదులైందని అర్థం.